మమ్మల్ని ఎత్తకండి, మెట్టు సంగతి చూడండి

విశాఖపట్నంలోని పాత చర్చిల విచారణ గురువులకు, పాస్టర్లకు, సంఘ పెద్దలకు, కట్టడాల బాగోగులు చూసే కమిటీ సభ్యులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ఈ నాలుగు ముక్కలూ మీ సందర్శకుల పుస్తకంలోనే రాసేసి ఊరుకుందామనుకున్నాను. ఆ పుస్తకం పెట్టిన బల్ల మూడు మెట్ల పైన ఉంది. పోనీ ఎవరిచేతనైనా కిందికి తెప్పించుకుందామంటే, అందులో ఒక్కొక్కరికీ ఒక్కో గీత జాగా. నా గోడు ఒక్క గీతలో పట్టేది కాదు. అందుకని నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ఏ చర్చి అన్నది మాత్రం చెప్పను. చెబితే మిగిలినవాళ్లు "అమ్మయ్య, మనది కాదు" అనుకుని చదవడం మానేస్తారు. చెప్పకపోతే ఎవరి గుమ్మం వాళ్లకి గుర్తొస్తుంది.

నేను కంచరపాలెం మనిషిని. వెన్నుపూస జబ్బుతో నడక పోయి వీల్‌చైర్ మీద తిరుగుతున్నాను. మాది చర్చికి వెళ్లే కుటుంబమే గానీ మీ సంఘాల్లో సభ్యురాలిని కాను. పాత కట్టడాలంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం. తోరణం ఎలా నిలబెట్టారు, దూలాలు ఏ కలపవి, గోడకి బిగించిన పాలరాతి పలక మీద ఎవరి పేరుంది, ఏ జ్వరంతో ఏ వయసులో పోయారు, ఇలాంటివి చూసుకోవడానికి వస్తాను. పెళ్లిళ్లకి ఎలాగూ వస్తాను.

మీరు చేసిన మంచిపని ముందు ఒప్పుకోవాలి. ఒకప్పుడు ఆదివారం ఆరాధన అయ్యాక తాళం పడిపోయేది. ఇప్పుడు మామూలు రోజుల్లో కూడా తలుపులు తీసి, చూడ్డానికి రమ్మంటున్నారు. ఆర్కే బీచి, కైలాసగిరి, సింహాచలం తిరిగేసిన చుట్టాలు పాతపట్నం సందుల్లోకీ వస్తున్నారు. కాలేజీ పిల్లలు కెమెరాలు మెడలో వేసుకుని వస్తున్నారు. 2023లో మన రేవులో క్రూజ్ టెర్మినల్ కూడా తెరిచారు. అలా ఓడల మీద ఊళ్లు తిరిగేవాళ్లలో మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లు తక్కువేం కాదు. తలుపు తీయడం అయింది, ఆ తలుపు దాకా చేరే దారి మిగిలింది.

మీ దగ్గర ఆదరణకి లోటు లేదు. చిక్కంతా అక్కడే ఉంది. నేను ఆటో దిగి కుర్చీ విప్పుకునేలోపే ఎవరో ఒకరు పరుగెత్తుకొస్తారు. "ఏటమ్మా అలా ఆగిపోయావు, మేం నలుగురం లేమా? కుర్చీతో సహా ఎత్తేస్తాం" అంటారు. ప్రేమతోనే అంటారు. ఆ మాట తర్వాత ఏం జరుగుతుందో కుర్చీలో కూర్చున్న మనిషిని కాస్త చెప్పనివ్వండి.

ఒకరు వెనక పిడులు పట్టుకుంటారు. వాటికి ఉన్నవి రబ్బరు తొడుగులు, గట్టిగా లాగితే ఊడొస్తాయి. ఇద్దరు చెరోపక్కా చేతులు ఆనించుకునే రెక్కలు పట్టుకుని లేపుతారు. నేను పక్కకి జరిగి మంచం మీదికి చేరుకోవడానికి వీలుగా అవి తీసేసేలా చేసినవి. లేపగానే రెక్క వాళ్ల చేతిలోకి వస్తుంది, కుర్చీ నేలమీదే ఉంటుంది. నాలుగో అబ్బాయి పాదాల పలక పట్టుకుంటాడు, అది మడత పడుతుంది. ఏది పట్టుకోవాలో చెబుదామని నేను నోరు తెరిచేసరికే "ఒకటి, రెండు, మూడు" అయిపోతుంది. కుర్చీ వెనక్కి వాలిపోతుంది. ఒక చేత్తో కుచ్చెళ్లు, ఇంకో చేత్తో చక్రం పట్టుకుని నేను ఆకాశంకేసి చూస్తుంటాను. పెళ్లివారు ఆగి చూస్తారు. ఒకళ్లిద్దరు ఫోన్లు తీస్తారు కూడా. పైకి చేరాక అందరూ నవ్వుతారు, నేనూ థాంక్స్ చెబుతాను.

ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఒక ఎత్తు. పెళ్లి అయిపోగానే ఆ నలుగురూ భోజనాల పందిట్లోకి వెళ్లిపోతారు. పాపం, వాళ్లని ఏమనగలం? నేను పైనే ఉండిపోతాను. మామూలు రోజు వస్తే అసలు నలుగురెక్కడ? వాచ్‌మన్ ఒక్కరే, ఆయనకీ అరవై దాటాయి.

ఎత్తుకెళ్లే మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు కపెర్నహూము కథ చెబుతారు. పక్షవాయువు గలవాణ్ని నలుగురు మోసుకొచ్చిన కథ. నాకూ ఇష్టమైనదే. కానీ గుమ్మం దగ్గర జనం అడ్డంగా ఉంటే ఆ నలుగురూ ఏం చేశారు? ఇంటికప్పు విప్పారు. ఆ ఇంటాయన "మాది పాత ఇల్లు, కదపడానికి వీల్లేదు" అన్నట్టు నేనైతే ఎక్కడా చదవలేదు.

మన దగ్గర ర్యాంపు మాట ఎత్తగానే వచ్చే జవాబు అదే కదా. ఇది వారసత్వ కట్టడం, ముట్టుకోకూడదు. ఈ జవాబు మీద నాకు గౌరవం ఉండేది, లోపల కూర్చుని తీరిగ్గా తలెత్తి చూసేదాకా. పైన సీలింగు ఫ్యాన్లు, ఒక్కో ఫ్యాను రెక్క మీద దాత పేరు. స్తంభాలకి స్పీకర్లు, వాటి తీగల కోసం కొట్టిన మేకులు. పాటలు చూపించడానికి ప్రొజెక్టరు తెర. పాత గచ్చు మీద నున్నటి టైల్సు. 2014లో హుద్‌హుద్ తుపాను ఊరిని ఊడ్చేసి వెళ్లాక పాత కట్టడాల పైకప్పులు ఎవరికి ఎలా కుదిరితే అలా బాగుచేసుకున్నారు, పెంకుల చోట రేకులు వచ్చినవీ ఉన్నాయి. వీటిలో దేన్నీ నేను తప్పు పట్టను. మనుషులు వాడుకునే కట్టడం అన్నాక మారుతుంది. రేవు దగ్గర మూడు కొండల్లో మేరీమాత కొండనే చూడండి. 1864లో రాస్ అనే దొర అక్కడ కట్టుకున్నది ఇల్లు. తర్వాత అదే ప్రార్థనా మందిరమైంది. ఇల్లు చర్చి కాగలిగిన ఊళ్లో మూడు మెట్ల పక్కన ఒక వాలు రాకూడదా?

నిజంగానే మార్చలేనివి ఉంటాయి, నాకు తెలుసు. బీచి రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఉంది. లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి ఇరుకు ద్వారంలోంచి దూరాలి. సముద్రంలో పనిచేసేదాన్ని అలాగే కడతారు. దాన్ని బయటి నుంచే చూసి వచ్చేశాను, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. మీ గుమ్మం అలాంటిది కాదు.

పాత కట్టడానికి దెబ్బ తగలకుండా ర్యాంపు పెట్టడం తెలియని విద్య కూడా కాదు. రేపు వద్దనుకుంటే పాత మెట్టు మీద గీత పడకుండా తీసేయగలగాలి, సూత్రం ఇంతే. మెట్లు పగలగొట్టి సిమెంటు పోయకూడదు. గోడకి అంటకుండా, మెట్ల మీదో పక్కనో తన కాళ్ల మీద తను నిలబడే చట్రం పెట్టుకోవాలి. సున్నపు గోడకి సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి పోయే దారిలేక గోడే పాడవుతుంది. ఈ సంగతి మీ మరమ్మతులు చేసే మేస్త్రీకి నాకన్నా బాగా తెలుసు. (తెలియకపోతే మేస్త్రీని మార్చండి.) సముద్రపు గాలికి మామూలు ఇనుము తుప్పు పట్టి పొరలు పొరలుగా రాలుతుంది. గాల్వనైజ్ చేసినది గానీ, స్టెయిన్‌లెస్ స్టీలు గానీ కావాలి. ఉక్కు ఫ్యాక్టరీ కోసం కొట్లాడి తెచ్చుకున్న ఊరు మనది, ఒక కమ్మీకి కరువా?

ఇక, "మా దగ్గర ర్యాంపు ఉందమ్మా" అనేవాళ్ల కోసం. అవును, ఒకచోట ఉంది. మూడు మెట్లు, మెట్టుకి ఆరంగుళాలు, వెరసి అడుగున్నర ఎత్తు. దానికి వేసిన వాలు పొడవు అయిదడుగులు. ఇళ్ల ముందు స్కూటరు ఎక్కించుకోవడానికి వేసే వాలు అది. స్కూటరుకి ఇంజను ఉంటుంది. కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ 2021లో తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం వాలు ఒకటికి పన్నెండు ఉండాలి. అంటే అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు, అడుగున్నరకి పద్దెనిమిది అడుగులు. తిన్నగా అంత జాగా లేకపోతే మధ్యలో మలుపు తిప్పుకోవచ్చు, మలుపు దగ్గర చదును వదలాలి. కుర్చీ ఇరుక్కోకుండా సరిపడా వెడల్పు కావాలి. రెండు వైపులా పట్టుకోవడానికి కమ్మీలు, చక్రం పక్కకి జారిపోకుండా అంచున చిన్న గట్టు. పైన తలుపు ముందు కనీసం అయిదడుగుల చదును ఉండాలి. లేకపోతే ఒక చేత్తో తలుపు లాగుతూ రెండో చేత్తో వెనక్కి జారే కుర్చీని ఆపుకోవాలి. మీ కమిటీలో కుర్రవాళ్లని ఎవరినైనా ఒకసారి నా కుర్చీలో కూర్చుని ప్రయత్నించమనండి. అన్నట్టు, ఆ అయిదడుగుల వాలు మీద పరిచింది అద్దంలా మెరిసే గ్రానైటు. డిసెంబరు తెల్లవారుజామున మంచు పడితే దాని మీద కాళ్లున్నవాళ్లే జారతారు.

ఆదివారాలు ఆ ర్యాంపు కనబడదు, దాని నిండా చెప్పులే. మెట్ల మీద విప్పితే అడ్డమని అందరూ ర్యాంపు మీద విప్పుతారు. మామూలు రోజుల్లో దాని మీద క్రోటన్ కుండీలు, ఒక మోటారు సైకిలు. ఒకసారి ఇద్దరి సాయంతో చెప్పులన్నీ పక్కకి నెట్టించుకుని పైకి చేరాను. అక్కడున్న పెద్దాయన నా చక్రాల వైపు చూసి, బాగా మొహమాటపడుతూ, "ఇవి బయట తిరిగినవి కదమ్మా" అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు, గుళ్లలో కూడా ఇదే మాట విన్నాను. చెప్పులు విప్పి రమ్మంటే విప్పుతాను, కాళ్లు విప్పి ఎలా వస్తాను? గుమ్మం దగ్గర ఒక తడిగుడ్డ పెట్టండి, చక్రాలు తుడుచుకుని వస్తాను.

పక్క తలుపు సంగతి చెప్పాలి. చాలా పాత చర్చిలకి ముందువైపు మెట్లు ఎక్కువున్నా, పక్కనో వెనకనో, గురువులు ఆరాధనకి తయారయ్యే గది వైపు, నేలకి దగ్గరగా ఒక తలుపు ఉంటుంది. ఒక్క మెట్టు, కొన్నిచోట్ల గడప మాత్రమే. అక్కడ ర్యాంపు పెడితే ఖర్చు తగ్గుతుంది, ముందువైపు అందం చెడిందని ఎవరూ అనరు. మావాళ్లలో కొందరు దీనికి ఒప్పుకోరు. అందరూ వచ్చే గుమ్మంలోంచే మేమూ రావాలి, మాకెందుకు పెరటిదారి అంటారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. నేను మాత్రం ఒక షరతు మీద ఒప్పుకుంటాను. చర్చి తెరిచి ఉన్నంతసేపూ ఆ తలుపూ తెరిచి ఉండాలి. ఇప్పుడు దానికి తాళం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది, వాచ్‌మన్ భోజనానికి వెళ్లి ఉంటారు, ఆయన ఫోన్ నంబరు ఆఫీసులో ఉంటుంది, ఆఫీసు మెట్ల పైన ఉంటుంది. మే నెల మధ్యాహ్నం అక్కడ ఎదురుచూసినప్పుడు కుర్చీ చక్రాల పక్కన తిప్పుకునే ఇనుప రింగు ముట్టుకుంటే చెయ్యి కాలింది.

లోపలికి వచ్చాక ఎక్కడ కూర్చోవాలన్నది ఇంకో ప్రశ్న. బెంచీల వరసలు గోడ నుంచి నడవ దాకా ఉంటాయి కాబట్టి నా చోటు నడవే. పెళ్లికూతురు వచ్చేటప్పుడు వెనక్కి జరగాలి, కానుకలు పట్టేటప్పుడు పక్కకి జరగాలి, వీడియో అబ్బాయికి అడ్డమైతే మళ్లీ జరగాలి. పాత టేకు బెంచీలు కోయమని అడగను, అవి కోస్తే నాకే బాధ. మధ్య వరసల్లో ఏదో ఒకచోట పొట్టి బెంచీ వేసి చివర మూడడుగులు వదిలితే నేనూ మావాళ్ల పక్కనే కూర్చుంటాను.

మరుగుదొడ్డి గురించి ఎక్కువ రాయను. వెనక ఆవరణలో ఉంది, మెట్టెక్కాలి, తలుపు వెడల్పు రెండడుగులు. మీ దగ్గరికి వచ్చే రోజు నేను పొద్దుటి నుంచీ మంచినీళ్లు ముట్టను. నాలాంటి ఆడవాళ్లు చాలామంది ఇలాగే బయటికి వస్తారు. మూడడుగుల తలుపు, అది బయటివైపుకి తెరుచుకోవడం, లోపల కుర్చీ తిరగడానికి అయిదడుగుల జాగా, కమోడు పక్కన పట్టుకోవడానికి కమ్మీ. ఇది విడిగా, కొత్తగా కట్టుకునే గది. దీనికి వారసత్వం అడ్డు రాదు.

కుర్చీ ఒక్కటే కాదు లెండి. చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. చూపు లేని మనిషి మీ చర్చికి వస్తే అతనికి చూపించడానికి ఏముంది? చెక్కతో చర్చి చిన్న నమూనా ఒకటి చేయించి పెడితే గోపురం ఎక్కడుందో, తోరణం వంపు ఎలా ఉందో వేళ్లతో తడిమి తెలుసుకుంటాడు. చిన్నపిల్లలు దాన్ని అస్సలు వదలరు, చూడండి. వినబడనివాళ్లకి గైడు చెప్పే కథంతా తెలుగులో అచ్చువేసిన ఒక కాగితం చాలు. చరిత్ర పలకలు ఇంగ్లీషులో, సన్నక్షరాలతో, ఆరడుగుల ఎత్తున పెడుతున్నారు. వాటిని చదవలేకపోతున్నది నేనొక్కదాన్నే కాదు.

"అయినా మీలాంటివాళ్లు ఎంతమంది వస్తారమ్మా?" అని ఒకరు అడిగారు. మెట్లున్నచోటికి మేము రాము, రావడం లేదు కాబట్టి మీరు కట్టరు. 2011 జనాభా లెక్కల్లోనే దేశంలో 2.68 కోట్ల మంది దివ్యాంగులు ఉన్నట్టు తేలింది. కర్రపట్టుకుని నడిచే తాతలు, మోకాళ్ల ఆపరేషన్ అయిన అమ్మమ్మలు, నెలలు నిండిన ఆడవాళ్లు ఆ లెక్కలో ఉండరు. తిరుమలలో అంత రద్దీలో కూడా వృద్ధులకీ దివ్యాంగులకీ విడిగా దర్శనం పెట్టారు. అక్కడ ఎవరూ ముందు తలలు లెక్కపెట్టి తర్వాత దారి వేయలేదు.

చట్టం మాట ఆఖరికి ఉంచాను, బెదిరింపులా ఉంటుందని. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ప్రజలు వాడే భవనాలు అంటే సర్కారువే కాదు, ప్రైవేటువి కూడా. మతపరమైన పనులకి వాడేవీ అందులో ఉన్నాయి, ఆ మాట చట్టంలోనే ఉంది. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. అప్పటికే ఉన్న భవనాలని సరిచేసుకోవడానికి అయిదేళ్లు గడువిచ్చారు, అది 2022తో దాటిపోయింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజీవ్ రాటూరి కేసులో, ఈ ప్రమాణాలు సలహాల్లా ఉంటే చాలదు, తప్పనిసరి చేయమని కేంద్రానికి చెప్పింది. దివ్యాంగుల కమిషనర్‌కి అర్జీ పెట్టడం నాకు చేతకాక కాదు. కాగితం మీద గెలిచి మళ్లీ మీ గుమ్మంలోకే రావాలి కదా, అప్పుడు మొహాలు ఎలా ఉంటాయో అని.

డబ్బు గురించి బెంగపడకండి. అమ్మ జ్ఞాపకార్థం ఫ్యాను ఇచ్చినవాళ్లు, నాన్న జ్ఞాపకార్థం బెంచీ ఇచ్చినవాళ్లు మీ సంఘాల్లోనే ఉన్నారు. ర్యాంపు కమ్మీ మీద పేరు రాస్తామని చెప్పి చూడండి. ఫ్యాను తిరిగేటప్పుడు దాని మీది పేరు ఎవరికీ కనబడదు, కమ్మీ మీద పేరైతే రోజూ ఎవరో ఒకరి చేతికి తగులుతుంది.

క్రిస్మస్ లోపు ర్యాంపు కట్టేయమనడం లేదు. పాత కట్టడంలో పని అంటే అనుమతులు, నక్షలు ఉంటాయి, తెలుసు. కుండీలు జరపడానికి, చెప్పులకి వేరే చోట ఒక స్టాండు వేయడానికి, పక్క తలుపు తీసి ఉంచడానికి కమిటీ తీర్మానం అక్కర్లేదు. ఇంకొకటి, గేటు దగ్గర బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు రాయండి. ముందు ఎన్ని మెట్లు, పక్క తలుపు ఎటు, దాని వెడల్పు ఎంత, మరుగుదొడ్డి కుర్చీ వాళ్లకి పనికొస్తుందా లేదా. పనికిరాదని రాసినా ఫరవాలేదు. అదే సంగతి ఫోన్‌లో అడిగినవాళ్లకీ చెప్పండి. "రండమ్మా, చూసుకుందాం" అనే జవాబు వద్దు. కంచరపాలెం నుంచి రానూపోనూ ఆటో నాకు ఊరికే రాదు.

నక్ష గీయించే ముందు కుర్చీ మీద తిరిగే మనిషిని ఒకరిని పిలవండి. నన్నే పిలవాలని లేదు. పిలిస్తే టేపు నేనే తెచ్చుకుంటాను. మంగళవారం గానీ బుధవారం గానీ పొద్దున్న పదింటికైతే నాకు కుదురుతుంది. మీ మేస్త్రీని కూడా ఆ టైముకే రమ్మనండి. ఇద్దరం ఒకే కొలత రాసుకుంటే తర్వాత తగువుండదు.

ఇట్లు,
కంచరపాలెం నుంచి ఒక సందర్శకురాలు